బండి ఎక్కాలంటే... ముందు దించాలి!

ఆదివారం పొద్దున ఆరున్నర. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో ఒక రాళ్లగుట్ట ఉంది. దాని ముందు గొంతుకూర్చుని, మూడు కిలోలు కూడా తూగని బుల్లి జీపు మీదే కళ్లు పెట్టి, రిమోట్ ట్రిగ్గర్‌ని వెంట్రుకవాసి నొక్కుతున్నాను. ముందు చక్రాలు రెండూ రాతి మెట్టు ఎక్కాయి. ఇంకొక్క అడుగు... అనుకునేలోపు బండి ముక్కు ఆకాశం వైపు లేచింది. వెల్లకిలా పడి, గడగడా కిందికి దొర్లింది.

సైట్ దగ్గర కాపలా ఉండే వాచ్‌మెన్ అన్న టీ గ్లాసు పక్కన పెట్టి, "సారూ, మల్ల పడ్డదా?" అన్నాడు.

"పడిందన్నా."

"ఎన్నోసారి?"

"పందొమ్మిది."

ఆయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. బీటెక్ చదివాను. స్ప్రింగు మీద బరువు వేస్తే ఎంత సాగుతుందో లెక్కకట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. అలాంటిది ఒక బొమ్మ బండిని బెత్తెడు మెట్టు ఎక్కించలేకపోతున్నాను. ఆఫీసులో నేను రాసిన కోడ్ పనికొచ్చిందో లేదో తేలాలంటే మూడు మీటింగులు పడతాయి. రాయి దగ్గర మీటింగులుండవు. ఎక్కితే ఎక్కినట్టు, పడితే పడినట్టు. అందుకేనేమో, వారమంతా ఆ రాయే కళ్లముందు కదిలేది.

ఇది రేసు బండి కాదు

ఆర్‌సీ కారు అనగానే చాలామందికి పార్కులో జుయ్యిమని దూసుకెళ్లేది గుర్తొస్తుంది. నాది అది కాదు. దీన్ని రాక్ క్రాలర్ అంటారు. మనిషి నడకకన్నా నెమ్మదిగా వెళ్తుంది. అసలు బండిలో పదో వంతు సైజు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అసలు కారులో మలుపు తిరిగేటప్పుడు ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది కదా, ఇందులో దాన్ని లాక్ చేసేస్తారు. ఒక చక్రం గాల్లో తేలినా మిగతావి పట్టు వదలకుండా లాగుతాయి. ఇక్కడ గెలుపంటే వేగం కాదు, ఎక్కలేని రాయి ఎక్కడం.

ట్రాక్సస్ వాళ్ల టీఆర్‌ఎక్స్-4 2017లోనూ, ఆక్సియల్ వాళ్ల ఎస్‌సీఎక్స్10 త్రీ 2020లోనూ వచ్చాక ఈ సరదా ప్రపంచమంతా బాగా పాకింది. మన దగ్గర మాత్రం జేబుకి భారమే. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కొత్తది కొనే ధైర్యం చాలక నేను సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నాను.

ధర సంగతి పక్కన పెడితే, ఈ ఆటకి హైదరాబాద్‌ని మించిన ఊరు లేదు. విదేశాల్లో వాళ్లు పెరట్లో సిమెంటుతో రాళ్లు కట్టుకుని ఆడుకుంటారు. మనకేమో దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ గుట్టలు ఇంటి వెనకే ఉన్నాయి. ఖాజాగూడ, దుర్గం చెరువు చుట్టుపక్కల, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్... ఎటు చూసినా రాయే. ఎండకీ వానకీ ఈ గ్రానైట్ పైపొర ఉల్లిపాయ పొట్టులా విడిపోతుంది. పొర ఊడిపోయిన చోట దాని అంచు మెట్టులా మిగిలిపోతుంది. నా బండిని పందొమ్మిదిసార్లు పడేసిన మెట్టు పుట్టింది అలాగే.

ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి కొలిచాను. రాయి వాలు 40 డిగ్రీలు. సగం దూరంలో అడ్డంగా ఎనిమిది సెంటీమీటర్ల మెట్టు. అదీ తిన్నగా లేదు, కుడిపక్క కాస్త ఎత్తు, ఎడమపక్క కాస్త పల్లం.

మూడు ఆదివారాలే!

ఇరవయ్యోసారి ప్రయత్నిద్దామని బండి ఎత్తుకుంటుంటే రాయి మీద ఎర్ర రంగు గీతలు కనిపించాయి. వారం కింద అవి లేవు.

"దసరా అయినంక మిషిన్లు వస్తున్నయ్ సారూ. గుట్ట మొత్తం తీస్తరంట. మీకింక మూడు ఆదివారాలే" అన్నాడు వాచ్‌మెన్ అన్న.

ఏమనాలో తోచలేదు. నేనుండే తొమ్మిదో అంతస్తు కింద కూడా ఒకప్పుడు ఇలాంటి గుట్టే ఉండి ఉంటుంది. ఎవర్ని తిట్టను? కానీ ఆ రాయి పోయేలోపు ఒక్కసారన్నా ఎక్కాలి. అది మాత్రం ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

నేను చేసిన మొదటి తప్పు

అసలు గుట్టుమట్టు తెలియనప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. బండిని ఎత్తు చేశాను.

ఆలోచన సింపుల్. మెట్టు ఎత్తుగా ఉంది కాబట్టి బండి కూడా ఎత్తుగా ఉండాలి. 90 మిల్లీమీటర్ల షాక్ అబ్జార్బర్లు పీకేసి 110వి వేశాను. గట్టి స్ప్రింగులు బిగించాను. 3,200 రూపాయలు అయ్యాయి. పనిలో పనిగా పైన రూఫ్ ర్యాక్, దాని మీద లోహంతో చేసిన బుల్లి జెర్రీ క్యాన్లు. ఫొటో తీసి స్టేటస్ పెడితే లైకులే లైకులు.

రాయి మాత్రం లైక్ కొట్టలేదు. అంతకుముందు మెట్టు మీదికి వెళ్లి పడే బండి, ఇప్పుడు మెట్టు అంటగానే పడటం మొదలెట్టింది. పైగా షాక్స్ పొడవు పెరగడంతో గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకి వెళ్లే షాఫ్టు మరీ ఏటవాలుగా వంగిపోయి, దాని జాయింటు బిగుసుకుని, ఒకసారైతే ఊడి చేతికొచ్చింది.

ఆ షాఫ్టు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడే నాన్న వీడియో కాల్ చేశారు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లెటూరు. నాన్నకి వరి, ట్రాక్టర్, వాటర్ లెవెల్ తప్ప వేరే ప్రపంచం లేదు.

"ఏందిరా అది చేతుల?"

చెప్పాను. ధర మాత్రం సగమే చెప్పాను. బండి చూపించాను. రాయి చూపించాను. పడిపోవడం కూడా చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు.

"మన ట్రాక్టర్ ముందు ఇరుసుకి స్ప్రింగులెక్కడున్నయ్‌రా?"

లేవు. చిన్నప్పట్నుంచీ ఆ ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చుని తిరిగినవాణ్ని, నాకు ఎప్పుడూ తట్టలేదు. ట్రాక్టర్ ముందు ఇరుసు మధ్యలో ఒకే ఒక్క పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. ఎడమ చక్రం గట్టు ఎక్కితే కుడి చక్రం దానంతటదే గుంతలోకి దిగుతుంది. ఇంజిను మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది.

"బండి ఎగురుడు కాదు బిడ్డా, చక్రం నేలని ఇడవొద్దు. గంతే" అని ఫోన్ పెట్టేశారు. నీళ్లు పెట్టే టైమయిందట.

చంద్రుడి మీదా అదే సూత్రం

ఆ రాత్రి చదువుతూ కూర్చున్నాను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక అందులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ రోవర్ గుర్తుందా? 26 కిలోల బరువు, ఆరు చక్రాలు, సెకనుకి ఒక సెంటీమీటరు వేగం. ఒకరకంగా అది మన దేశం చేసిన అతి ఖరీదైన క్రాలర్! దాని సస్పెన్షన్‌ని రాకర్-బోగీ అంటారు. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా సోజర్నర్ నుంచి ఇప్పటి పర్సెవరెన్స్ దాకా అదే పద్ధతి. అందులో స్ప్రింగులుండవు. పిన్నుల మీద ఊగే కడ్డీలు మాత్రమే. ఒక చక్రం రాయి ఎక్కితే మిగతావి నేల మీదే ఉండి బరువు పంచుకుంటాయి.

మనం రోజూ చూసే కార్ల సస్పెన్షన్ వేగంగా వెళ్లేటప్పుడు గుంతల దెబ్బ మనకి తగలకుండా చూస్తుంది. నెమ్మదిగా పాకే బండికి దెబ్బలుండవు. దానికి కావలసింది ఒక్కటే: నేల ఎలా వంకర తిరిగినా చక్రాలు దాన్ని వదలకూడదు, బాడీ మాత్రం తొణకకూడదు. నేను రోడ్డు మీద బండికి చేసే పని రాయి మీద బండికి చేస్తున్నాను!

ప్లైవుడ్ చెక్క, వంటింటి త్రాసు

ఈసారి ఊహలు మానేసి కొలతలు మొదలెట్టాను. మీ దగ్గర క్రాలర్ ఉంటే ఈ పరీక్ష మీరూ చెయ్యొచ్చు.

బండిని ఒక చెక్క మీద అడ్డంగా నిలబెట్టండి. చెక్కని ఒక పక్క మెల్లగా లేపండి. పైపక్క చక్రాలు ఎప్పుడు గాల్లోకి లేస్తాయో ఆ కోణం ఫోన్‌లో చూడండి. నా బండి కొన్నప్పుడు ఉన్న షాక్స్‌తో 42 డిగ్రీల దగ్గర లేచింది. ఎత్తు పెంచాక 37 దాటగానే పడిపోయింది. బండి వెడల్పు 20 సెంటీమీటర్లు. అందులో సగం 10. దాన్ని ఆ కోణం టాంజెంట్‌తో భాగిస్తే గరిమనాభి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో వస్తుంది. మొదట సుమారు 11 సెంటీమీటర్లు. నా 3,200 రూపాయల అప్‌గ్రేడ్ తర్వాత 13!

ఇప్పుడు వెల్లకిలా పడటం సంగతి. గరిమనాభి నుంచి నిట్టనిలువుగా ఒక దారం వేలాడదీశామనుకోండి. ఆ దారం వెనక చక్రాలకి ముందుపక్క పడినంతసేపు బండి నిలబడుతుంది. వెనక్కి దాటిందా, అంతే సంగతులు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 31.3 సెంటీమీటర్లు. వంటింటి త్రాసు మీద ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు పెట్టి తూచాను. చెరి 1.3 కిలోలు. అంటే గరిమనాభి సరిగ్గా మధ్యలో ఉంది. లెక్కకడితే మొదట్లో బండి 55 డిగ్రీల దగ్గర వెల్లకిలా పడాలి. ఎత్తు పెంచాక 50 దగ్గరే.

మరి రాయి ఎంత అడుగుతోంది? వాలు 40. ముందు చక్రాలు ఎనిమిది సెంటీమీటర్ల మెట్టు ఎక్కితే ఇంకో 15 కలుస్తుంది. మొత్తం 55.

కాగితం మీద ఆ అంకె చూసి కాసేపు అలా ఉండిపోయాను. మొదట్లో బండి సరిగ్గా అంచు మీద ఉంది. నేను డబ్బులు పెట్టి మరీ దాన్ని అంచు దాటించాను.

మొదటి ఆదివారం: బరువు కిందికి, ముందుకి

పాత షాక్స్ మళ్లీ వేశాను. రూఫ్ ర్యాక్, జెర్రీ క్యాన్లు పీకేశాను (స్టేటస్ కూడా డిలీట్ చేశాను). వెనక ఉన్న బ్యాటరీని ముందుకి, వీలైనంత కిందికి జరిపాను. తర్వాత మెయిన్ రోడ్డు మీద టైర్ల షాపుకెళ్లి వీల్ బ్యాలెన్సింగ్‌కి అంటించే స్టిక్కర్ వెయిట్లు అడిగాను.

"ఏ కారు సార్?" అన్నాడు కుర్రాడు. బ్యాగులోంచి నా కారు చక్రం తీసి చూపించాను. షాపంతా నవ్వింది. కానీ టీ ఇప్పించారు.

ఐదు గ్రాముల ముక్కలు ఒక్కో ముందు చక్రం లోపల ఇరవై. అంటే రెండు చక్రాలకీ కలిపి 200 గ్రాములు. బరువు పెంచితే ఎక్కడం కష్టం కదా అనిపిస్తుంది. ఎక్కడ పెంచామన్నదే కిటుకు. చక్రంలో పెట్టిన బరువు స్ప్రింగుల పైన ఉండదు, నేలకి దగ్గరగా ఉంటుంది. గరిమనాభిని కిందికీ ముందుకీ లాగుతుంది.

మళ్లీ తూచాను. ముందు 1.7 కిలోలు, వెనక 1.1. అంటే 60 శాతం బరువు ముందుంది.

రాయి దగ్గర పదిసార్లు ఎక్కించాను. ఒక్కసారి కూడా వెల్లకిలా పడలేదు! కానీ పైకీ వెళ్లలేదు. ముందు చక్రాలు మెట్టెక్కుతున్నాయి. వెనక చక్రాలు మెట్టు దగ్గరికి రాగానే, అది వంకర మెట్టు కదా, ఒక వెనక చక్రం రాయిని తాకి రెండోది గాల్లో ఉండిపోతోంది. బండి పక్కకి ఒరిగి జారిపోతోంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "పదికి సున్నా. కానీ ఇది వేరే సున్నా."

రెండో ఆదివారం: పెన్ను స్ప్రింగు చేసిన పని

ఇప్పుడు అసలు సస్పెన్షన్. ముందు ఒక పొరపాటు చెప్పాలి. షాక్స్‌లో ఆయిల్ మారిస్తే మెత్తబడుతుందని చదివి, మా రూమ్మేట్ బైకు కోసం తెచ్చుకున్న ఫోర్క్ ఆయిల్ పోశాను. రెండు రోజుల్లో లోపలి సిలికాన్ ఓ-రింగులు ఉబ్బిపోయి నాలుగు షాక్సూ కారడం మొదలెట్టాయి. డైనింగ్ టేబుల్ మీద మరక ఇప్పటికీ ఉంది. పెట్రోలియం నూనె ఆ రింగులకి పడదు. వీటికి సిలికాన్ షాక్ ఆయిలే పొయ్యాలి. కొత్త రింగులు, పల్చటి సిలికాన్ ఆయిల్ తెప్పించాను. చిక్కటి ఆయిలైతే చక్రం గుంతలోకి దిగాల్సిన టైముకి దిగదు.

ముందు షాక్స్‌కి పైసా ఖర్చు పెట్టలేదు. దాదాపు నిటారుగా ఉన్నవాటి పై బోల్టు ఇంకో రంధ్రంలోకి మార్చి 30 డిగ్రీలు వాల్చాను. షాక్ వాలేకొద్దీ చక్రానికి అది మెత్తగా పనిచేస్తుంది. ఆ కోణం కొసైన్‌ని వర్గం చేస్తే ఎంత మిగులుతుందో తెలుస్తుంది. 30 డిగ్రీలకి 75 శాతం. అంటే స్ప్రింగు మార్చకుండానే పావు వంతు మెత్తబడింది.

వెనక షాక్స్‌కి మాత్రం పెద్ద మార్పే. బయటి స్ప్రింగులు తీసేశాను. షాక్ విప్పి, లోపల పిస్టన్ కింద బటన్ పెన్ను స్ప్రింగు ముక్క కత్తిరించి పెట్టాను. ఇది పిస్టన్‌ని పైకి తోస్తుంది. అంటే షాక్‌ని సాగనివ్వకుండా ముడుచుకునేలా చేస్తుంది. మామూలు స్ప్రింగు బాడీని పైకి నెడితే, ఇది బాడీని కిందికి లాగి పట్టుకుంటుందన్నమాట. దీన్ని డ్రూప్ సెటప్ అంటారు. బండి ఎప్పుడూ వంగి కూర్చునే ఉంటుంది. కింద గుంత వస్తే చక్రం దిగుతుంది తప్ప బాడీ లేవదు.

దీనివల్ల లాభమేంటంటే, ఏటవాలు మీద పైపక్క స్ప్రింగు సాగి బాడీని కిందివైపు తోసేయడం ఆగిపోతుంది. నష్టమూ ఉంది. గుంతలోకి దిగిన చక్రం మీద బండి బరువు అంతగా పడదు కాబట్టి దాని పట్టు తక్కువ. అత్యాశకి పోయి ముందు కూడా అలాగే చేసి చూశాను. చక్రం పైకి లేవడానికి చోటు లేక, రాయి తగిలినప్పుడల్లా ముక్కు మొత్తం లేచింది. వెంటనే పాతదానికి మార్చేశాను. కోడ్‌లో రోల్‌బ్యాక్ చేసినట్టే. ముందు మెత్తటి స్ప్రింగులు, వెనక డ్రూప్. నా బండికి అదే కుదిరింది.

చెక్క పరీక్ష మళ్లీ చేశాను. 48 డిగ్రీలు! అంటే గరిమనాభి తొమ్మిది సెంటీమీటర్లకి దిగింది. వెల్లకిలా పడే కోణం లెక్క ప్రకారం 64. రాయి అడిగే 55కి ఇంకో తొమ్మిది డిగ్రీలు చేతిలో ఉన్నాయి.

ఆ ఆదివారం పదిసార్లలో మూడుసార్లు ఎడమ వెనక చక్రం కూడా మెట్టెక్కింది. నా గుండె గొంతులోకొచ్చింది. కానీ ట్రిగ్గర్ కాస్త ఎక్కువ నొక్కగానే బండి వెనకభాగం కప్పలా టపటపా గెంతి జారిపోయింది. వాచ్‌మెన్ అన్న ఈసారి లేచి నిలబడి చూస్తున్నాడు. "ఇంచు సారూ, ఇంచే!" అన్నాడు.

మూడో ఆదివారం: ఒక్క బోల్టు

ఆ గెంతు ఎందుకో అర్థం కావడానికి వారం పట్టింది. వెనక ఇరుసుని బండికి కలిపే కడ్డీలు నాలుగుంటాయి, పైన రెండు, కింద రెండు. మోటారు చక్రాన్ని తిప్పినప్పుడు ఆ బలం ఈ కడ్డీల గుండానే బాడీకి చేరుతుంది. పై కడ్డీల ముందు కొస మరీ కిందికి ఉంటే, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆ బలం బాడీ వెనకభాగాన్ని పైకి నెడుతుంది. నెట్టడం, జారడం, మళ్లీ పడటం, మళ్లీ నెట్టడం... అదే ఆ గెంతు. దీన్నే యాంటీ-స్క్వాట్ అంటారు. మందు చిన్నదే. పై కడ్డీల ముందు కొసని ఒక రంధ్రం పైకి మార్చాలి. రెండు పక్కలా ఒక్కో బోల్టు. ఐదు నిమిషాల పని.

శుక్రవారం రాత్రి ఒంటిగంటకి రిలీజ్ కాల్ అయ్యాక ఆ బోల్టులు మార్చాను. ఇంకేమీ ముట్టుకోలేదు. చాలా మార్చాలనిపించింది, కొత్త టైర్లు కూడా కార్ట్‌లో ఉన్నాయి. కానీ ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో జన్మలో తెలియదు.

శనివారం రాత్రి వాన కొట్టింది. ఆదివారం పొద్దున వెళ్లేసరికి రాయి నిగనిగలాడుతోంది. తడి రాయి, దాని మీద సన్నటి నాచు. మొదటి నాలుగుసార్లు చక్రాలు మెట్టు దాకా కూడా చేరలేదు. వాచ్‌మెన్ అన్న కుర్చీ తెచ్చి వేశాడు. ఎండ కోసం కూర్చున్నాం. ఎదురుగా ఉన్న రెండు పెద్ద టవర్ల మధ్య నుంచి ఎండ రాయి మీద పడేసరికి ఎనిమిదిన్నర దాటింది.

ఎనిమిది యాభైకి రాయి సగం ఆరింది. బండి పెట్టాను. ముందు చక్రాలు మెట్టెక్కాయి. ముక్కు లేచింది, ఆగింది. ట్రిగ్గర్‌ని అక్కడే పట్టుకున్నాను. ఎడమ వెనక చక్రం మెట్టు అంచుని కరిచింది. బాడీ కదల్లేదు. కుడి చక్రం గాల్లో వెతుక్కుంటున్నట్టు మెల్లగా తిరిగి, రాయికి ఆనింది. గెంతు లేదు, చప్పుడు లేదు. మెట్లెక్కే ముసలాయన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచినట్టు బండి లేచి, మెట్టు దాటి, పైకి వెళ్లిపోయింది.

నేను అరవలేదు. వాచ్‌మెన్ అన్న అరిచాడు.

ఎండ ముదిరేలోపు ఇంకో పదిసార్లు ఎక్కించాను. ఏడుసార్లు ఎక్కింది. ఒకసారి రిమోట్ ఆయన చేతికిచ్చాను. ఆయన మొదటిసారే ఎక్కించేశాడు. పందొమ్మిదిసార్లు చూసిన మనిషి కదా, ఎక్కడ ఆగాలో నాకన్నా బాగా తెలుసు.

మీరు మొదలుపెట్టాలంటే

పెద్ద బండే అక్కర్లేదు. డబ్ల్యూపీఎల్ లాంటి చిన్న సైజు ట్రక్కుతో కూడా ఇవన్నీ నేర్చుకోవచ్చు. దానికీ ఇరుసు ఉంది, స్ప్రింగుంది, పడిపోయే కోణం ఉంది. షాపింగ్‌కి ముందు చెక్క పరీక్ష చెయ్యండి. పైనున్న బరువు తీసెయ్యండి. బ్యాటరీ ముందుకి, కిందికి జరపండి. ఆ తర్వాతే స్ప్రింగుల జోలికి వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చి, పదిసార్లు ఎక్కించి, రాసుకోండి. నాకు నష్టం చేసిన మార్పుకి 3,200 అయింది. లాభం చేసినవాటిలో పెన్ను స్ప్రింగులు, స్టిక్కర్ వెయిట్లు, రింగులు, ఆయిల్ అన్నీ కలిపినా దానికి దరిదాపుల్లో లేవు.

ఎవరి స్థలమైనా అడిగి వెళ్లండి. వానాకాలంలో రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, పాములుంటాయి. లైపో బ్యాటరీని ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి. రాయి మీద రంగు గుర్తులు గీయకండి.

రాళ్లంటే ఇష్టం కలిగితే, ఈ గుట్టల్ని కాపాడటానికి 1996 నుంచి పనిచేస్తున్న 'సొసైటీ టు సేవ్ రాక్స్' నిర్వహించే రాక్ వాక్‌లకి వెళ్లండి. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులా ఉండే బేర్స్ నోజ్, సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగులాంటి మష్రూమ్ రాక్ ఎప్పుడన్నా ఆగి చూడండి. బండితో కాదు, ఊరికే కళ్లతో. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి ఫొటోలు చూస్తే దాని చుట్టూ ఎన్ని రాళ్లున్నాయో తెలుస్తుంది.

దసరాకి ఊరెళ్లాను. నాన్నకి వీడియో చూపించాను. రెండుసార్లు చూశారు. "ఇప్పుడు సక్కగున్నది" అని, ట్రాక్టర్ ముందు ఇరుసు పిన్నుకి గ్రీజు పెట్టమని గన్ను నా చేతికిచ్చారు. బండి అసలు ధర ఎంతో అప్పుడు చెప్పేశాను. గ్రీజు పెట్టడం అయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత అన్నారు లెండి.

తిరిగొచ్చేసరికి మిషిన్లు వచ్చి ఉన్నాయి. వారంలో గుట్ట సగమైంది. మరో వారానికి మెట్టున్న రాయి కూడా లేదు. ఇప్పుడు నేను ఖాజాగూడ వైపు వెళ్తున్నాను. అక్కడ కొత్త రాళ్లు, కొత్త సున్నాలు. ప్రతిసారీ నోట్‌బుక్ తెరిస్తే పాత పేజీ ఒకటి కంటపడుతుంది. అందులో నా అడ్డదిడ్డం రాతలో ఇలా ఉంటుంది:

"వాలు 40. మెట్టు 8. సగం తడి. 8:50కి ఎక్కింది."